పొడుగు చేతుల జాకెట్టు

మే నెల. కత్తిరి ఎండ.
పెరంబూరు బ్యారక్స్ రోడ్డు మీద తారు చెప్పుకంటుకుంటోంది.
నా జాకెట్టు చేతులు మణికట్టు దాకా.
కొలతలివ్వడానికొచ్చిన పిల్ల నవ్వింది:
"ఏందక్కా, చలేస్తా ఉందా?"
నవ్వనీ.
నోట్లో గుండుసూదులున్నాయి,
జవాబు చెప్పలేను.

ఎనిమిదేళ్ళ కిందట
మా ఆడపడుచు వకుళ
తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది.
అప్పటికి పదేళ్ళుగా మాటల్లేవు మా ఇద్దరికీ,
ఒక వెండి చెంబు మీద తగువు.
చెంబివ్వలేదు గానీ కిడ్నీ ఇచ్చింది.
కుడి పొత్తికడుపులో, చీర కుచ్చిళ్ళ పక్కన
కాస్త ఎత్తుగా తగులుతుంది అది,
లోపలి జేబులో దాచిన చిల్లర సంచిలా.

ఒంటికి నచ్చలేదు.
పరాయి గుడ్డ, పరాయి నేత, తరిమేస్తానంది.
అందుకే పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ
మాత్రలేసి దాన్ని జోకొడతాను.
అది కునుకుతుంది. కిడ్నీ తన పని తాను చేసుకుంటుంది.
సరే.
కానీ చుట్టం కోసం గడియ తీసిన నిద్ర
దొంగకీ తీసే ఉంచుతుంది.

పెద్దడాక్టరు ఇట్లా చెప్పలేదులే.
"క్యాన్సరొచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా ఎక్కువమ్మా,
చర్మానికి మరీను. ఎండలో తిరక్కు.
ఏడాదికోసారి అన్నీ చూపించుకో" అన్నాడు.
ఎంతెక్కువ? అనడిగాను.
కొలవడమే కదా నా బతుకు.
ఆయన చేతులు రెండూ ఎడం చేసి,
మళ్ళీ కొంచెం దగ్గర చేసి,
జేబుల్లో పెట్టేసుకున్నాడు.

అప్పట్నించీ ఏటా
సెంట్రల్ స్టేషనెదురుగా పెద్దాసుపత్రిలో
పచ్చతెర వెనక నిలబడతాను.
డాక్టరమ్మ మంగైయర్కరసి
పట్టుచీరకి పురుగు పట్టిందేమోనని చూసినట్టు
లైటు కింద తిప్పి తిప్పి చూస్తుంది:
చెవి వెనక, వేళ్ళ సందున, అరికాల్లో.
మెడ పక్కన గడ్డలున్నాయేమోనని తడుముతుంది.
తర్వాత ఇంకో గది, గర్భసంచి మూతి దగ్గర దూదిపుల్ల.
ఇంకో గది, రొమ్ముల మీద చల్లటి పలక.
ఇంకో గది, కడుపు మీద జిగురు.
నా పాత కిడ్నీలు రెండూ
ఎండిన చిక్కుడు గింజల్లా ఇంకా లోపలే ఉన్నాయట,
వాటి మీదా ఓ కన్నేసుండాలట.

ఈసారి ఎడమ ముంజేతి దగ్గర ఆగింది.
గరుకు మచ్చ, పావలా అంత కూడా లేదు.
ఇస్త్రీపెట్టె తగిలిందనుకున్నాను.
ఆర్నెల్లుగా అనుకుంటూనే ఉన్నాను.
ఆమె పెన్నుతో చుట్టూ గీసింది,
నేను సుద్దతో గీసినట్టే.
సూదిమందు.
చిన్న గొట్టంలాంటి కత్తి, ఆనించి గుండ్రంగా తిప్పింది.
కాజా!
ఇరవయ్యేడేళ్ళుగా నేను కోసిన కాజాలన్నీ
ఒక్కసారిగా నావైపు చూశాయి.
ముక్కని సీసాలో వేసి, పైన నా పేరు రాశారు.
ఒకే కుట్టు. చూశాను.
ముడి బాగానే వేసింది,
దారం కొంచెం పొడుగొదిలింది.

పది రోజులన్నారు.
ఇవాళ ఆరోది.

రాత్రి తొమ్మిదికి అలారం,
దాని వెనకే నెల్లూరు నించి వకుళ ఫోను.
ఎట్టున్నావని నన్నడగదు ఎప్పుడూ.
"అదెట్టుంది?" అంటుంది.
అది బాగానే ఉంది వదినా,
చేతి సంగతే ఇంకా తెలీదు, అన్నాను.
అటువైపు చాలాసేపు ఫ్యాను చప్పుడు.
ఆ తర్వాత:
"పదో రోజు నేనొస్తా. ఒక్కదానివే పోబాక.
వచ్చేటప్పుడు చెంబు తెస్తాలే."

మచ్చ చుట్టూ గీసినప్పుడు కాదు,
సీసా మీద నా పేరు చదువుకున్నప్పుడు కాదు,
అప్పుడేసింది నాకు భయం.

నువ్వు రా వదినా, అన్నాను.
చెంబు తేబాక.
ఆ తగువు నాకింకా కావాలి.